చిలక సాక్ష్యం

మా ఆయన నేల మీద ఉన్నప్పుడు పెద్దగా మాట్లాడరు. ఉన్న మాటలన్నీ పైనే ఖర్చయిపోతాయని మా అత్తగారు అంటుంటారు. పైన అంటే, పెద్ద భవనాలు కట్టేచోట పొడుగాటి క్రేన్ నిలబెడతారు కదా, దాని మెడ దగ్గర ఒక అద్దాల గది ఉంటుంది, అక్కడ. సైటులో అందరూ దాన్ని గూడు అంటారు. పొద్దున్నే భోజనం క్యారేజీ సంచిలో పెట్టుకుని ఇనుప నిచ్చెన ఎక్కితే మళ్లీ సాయంత్రమే దిగడం. ఊళ్లో ఎవరింటి మీద ఏ ట్యాంకు కారుతోందో, ఎవరు చొక్కాలు ఆరేసి తీయడం మర్చిపోయారో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పక్కింటావిడ మొహం మాత్రం గుర్తుపట్టరు, ఎప్పుడూ నడినెత్తే చూశారు పాపం.

నేను బట్టలు సరిచేసే దుకాణంలో పనిచేస్తాను. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ల నడుములు విప్పి కుట్టడం. టేపు లేకపోతే నాకు చెయ్యాడదు. ఆయనకి టేపుతో పనే లేదు. ఇంటికి తెచ్చుకున్న ప్యాంటు నేను పైకెత్తి చూసుకుంటుంటే గుమ్మంలోంచే ఒక చూపు చూసి, కుడికాలు పొట్టి అనేసి చెప్పులు విప్పుకునేవారు. టేపు పెడితే నిజంగానే పొట్టి. నాకు ఒళ్లు మండేది. అయినా విప్పి మళ్లీ కుట్టేదాన్ని, చేసేదేముంది.

క్రేన్ పనిలో ఒక పద్ధతి ఉంది. భవనానికి అవతలి పక్కన దించే బరువు గూట్లో ఉన్నవాడికి కనిపించదు. కింద ఒక మనిషి వాకీటాకీ పట్టుకుని నిలబడి ఎడమకి, ఇంకొంచెం, చాలు, దించు అని చెబుతుంటాడు. పైవాడు ఏదైనా అన్నప్పుడు కిందివాడు ఆ మాటే తిరిగి చెప్పాలి. విన్నాను అని దానికి అర్థం, అంతకుమించి ఏమీ లేదు. తిరిగి చెప్పేదాకా పైవాడు చెయ్యి కదపడు. అందుకే కింద నిలబడేవాళ్లని సైటులో చిలకలంటారు. మా ఆయనకి చిలక మా తమ్ముడే. వాడికి మరో పనేదీ అబ్బకపోతే ఈయనే తీసుకెళ్లి పక్కన పెట్టుకున్నారు. బావా బావా అంటూ వాడు ఈయన నీడలాగా తిరిగేవాడు.

ఇంట్లో కూడా ఆయనకి అదే అలవాటు. పొయ్యి మీద పాలున్నాయి అని చెప్పి, వెళ్లకుండా నా మొహంలోకి చూస్తూ నిలబడేవారు. నేను తిరిగి చెబుతానని ఎదురుచూపు. మీ చిలక సైటులో ఉంది, నన్నొదిలేయండి అనేదాన్ని. ఆయన నవ్వేసి వెళ్లిపోయేవారు. పెళ్లయినప్పటి నుంచీ ఒక్కమాటైనా తిరిగి చెప్పిన పాపాన పోలేదు నేను.

ఆ రోజు ఎండ బాగా ఉంది, గాలీ ఉంది. కిటికీ అద్దాల పెట్టె ఒకటి అవతలి పక్కకి దించాలి. ఆయన పెట్టెని పైకెత్తి, బరువు వేలాడే క్రేన్ కొమ్ము తిప్పుతుంటే, ఆ కొమ్ము చివరకి కాస్త అవతల ఏదో ఆగి ఉంది. రెక్కల్లేవు, తాడు లేదు, చప్పుడు లేదు. అంత గాలిలోనూ ఊగడం లేదు. ఆయన కొమ్ము ఆపేసి వాకీటాకీలో చెప్పారు, ఎదురుగా ఏదో ఉంది, కదలట్లేదు, ఆపుతున్నా అని. కింద మా తమ్ముడు అలవాటు ప్రకారం తిరిగి చెప్పాడు, ఎదురుగా ఏదో ఉంది, కదలట్లేదు, ఆపుతున్నావు అని. వాడు నిలబడ్డది గోడ పక్కన, నెత్తి మీద పరంజా. వాడికి ఆకాశం ముక్కైనా కనిపించదు. కాసేపటికి ఈయన పోయింది అన్నారు. వాడూ పోయింది అన్నాడు. అద్దాల పెట్టె ఒక్క గీత పడకుండా దిగింది.

సాయంత్రం నేను ఎవరివో ప్యాంట్లు ఇస్త్రీ చేస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. తర్వాత నా చేతిలోంచి ఇస్త్రీ పెట్టె తీసి, తిప్పి, దాని అడుగు చూపించారు.

"ఇదిగో, ఇలా ఉంది. ఒక పక్క మొన, ఒక పక్క వెడల్పు. రంగూ ఇదే."

"దేని సంగతి?"

"తెలీదే. అదే చెప్తున్నా. నాకు తెలీదు."

ఆయన నోట తెలీదు అనే మాట నేను అంతకుముందు వినలేదు. అందుకే నమ్మాను. నమ్మడానికి నాకు వేరే ఆధారం అక్కర్లేకపోయింది.

సంగతి అక్కడితో పోయేదే. కానీ ఆ క్రేన్ విమానాలు దిగే దారికి దగ్గర. అందుకని వాళ్లు వాకీటాకీలో మాట్లాడుకునేదంతా రికార్డవుతుంది. పని మధ్యలో ఎందుకు ఆగిందో చెప్పాలి, ఆకాశంలో తెలియని వస్తువు కనబడితే విమానాల ఆఫీసుకి కబురు పంపి తీరాలి. సైటు ఇంజనీరు మంచివాడే, భయస్తుడు. కబురు పంపి, విచారణ తేలేదాకా గూడెక్కొద్దు అని మా ఆయనతో చెప్పాడు. చెప్పేటప్పుడు మొహం చూడలేక నేల చూపులు చూశాడట. విచారణ సరిగ్గా ముగిస్తేనే మళ్లీ ఎక్కే అనుమతి. లేదంటే ఇక ఏ క్రేనూ ఎక్కనివ్వరు.

ముందు కళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. గోడ మీది అక్షరాలన్నీ చదివేసి, మూలన ఆ కాగితం అచ్చువేసినవాళ్ల పేరు కూడా చదివారట. డాక్టరు లేచి వెళ్లి దగ్గరనుంచి చూసుకుని, అవునే అన్నాడట. ఈ కథ మా అత్తగారు వీధంతా చెప్పుకొచ్చారు. నా కొడుకు చూశాడంటే ఉన్నట్టే, వాడికి అబద్ధం ఆడటం చేతకాదు, చిన్నప్పుడు నేర్పుదామన్నా రాలేదు అని ఆవిడ కూరగాయల బండి దగ్గర కూడా వాదించి వచ్చారు.

తర్వాత ఆఫీసర్లు మా ఇంటికే వచ్చారు. ఒకాయన నెరిసిన జుట్టు మనిషి, ఒకమ్మాయి. నేను వాళ్లని పెద్దాఫీసరు, చిన్నాఫీసరు అనుకున్నాను. ఏదో గద్దించి మాట్లాడతారు, నాలుగు దులిపేద్దాం అని కొంగు బిగించుకుని కూర్చున్నానా, వాళ్లు చెప్పులు బయటే విప్పి, టీ బాగుందని రెండోసారి అడిగి మరీ తాగారు. ఇంత మర్యాదస్తుల మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. చిన్నాఫీసరు కాగితం ఇచ్చి బొమ్మ గీయమంది. మా ఆయనకి బొమ్మలు రావు. గీసిందాన్ని చూస్తే ఎవరికైనా వంకాయ గుర్తొస్తుంది. నేను లోపలికెళ్లి ఇస్త్రీ పెట్టె తెచ్చి వాళ్ల ముందు తిరగేసి పెట్టాను.

పెద్దాఫీసరు దాన్ని శ్రద్ధగానే చూశారు. భయపడకండి, మా దగ్గర తేలనివి బోలెడున్నాయి, ఒక్కరే చూసి ఉంటే తేలలేదు అని రాసి మూసేసేవాళ్లం, ఎవరి ఉద్యోగానికీ ఏమీ కాదు అన్నారు. మరి ఇప్పుడేమిటి అని అడిగాను. ఇద్దరు చూసినదాన్ని అలా మూసేయడానికి కుదరదు, పూర్తిగా విచారించాలి అన్నారు. ఇద్దరెవరో మా ఇద్దరికీ అర్థం కాలేదు. రికార్డులో రెండో గొంతు ఉందిగా, అతను కూడా కదలట్లేదు అని స్పష్టంగా చెప్పాడు కదా అన్నారు.

మా ఆయన అంత గబగబా మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు. వాడు చూడలేదు సార్, నేనన్నది తిరిగి చెప్పాడంతే, మాకు అది పద్ధతి, వర్షమొస్తోంది అంటే వర్షమొస్తోంది అంటాడు, వాడు తడవక్కర్లేదు అని చెప్పారు. పెద్దాఫీసరు నవ్వారు. మీరు మీవాణ్ణి ఇందులోకి లాగకూడదనుకుంటున్నారు, మంచిదే, కానీ అతన్నే అడుగుతాం అన్నారు. ఉన్నమాట చెప్పినా పోనీలే పాపమన్నట్టు చూసేవాళ్ల ముందు ఏం చేస్తాం. అప్పటిదాకా ఈయనా తమ్ముడూ ఈ విషయం మాట్లాడుకోవద్దని కూడా చెప్పి వెళ్లారు.

అయినా ఆ సాయంత్రం తమ్ముడు వచ్చాడు. ఆయన వాణ్ణి కూర్చోమని కూడా అనలేదు.

"నువ్వు చూళ్లేదు. చూళ్లేదనే చెప్పు."

"నేను చూళ్లేదు. చూళ్లేదనే చెప్తా."

ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయారు. తిరిగి చెప్పాడు కదా, ఇక ఆయనకి అది జరిగిపోయినట్టే. పైన కూర్చుని అన్నేళ్లు అలాగే బతికారు. విన్నాను అన్న మాటకీ ఒప్పుకున్నాను అన్న మాటకీ నేల మీద ఎంత దూరమో ఆయనకి తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం నేను మెషిను మీద ఉండగా తమ్ముడు దుకాణానికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. సైటు ఇంజనీరు వాణ్ణి పక్కకి పిలిచి చెప్పాడట, ఒక్కడే చూశాడని తేలితే మీ బావకి మతి చలించిందని రాసేస్తారు, ఇక ఆయన పని అయిపోయినట్టే అని. ఆ పిరికిమనిషికి ఎవరు చెప్పారో, అసలు ఎవరైనా చెప్పారో లేదో దేవుడికే తెలియాలి. మావాడు తిన్నగా ఆఫీసర్ల ముందుకు వెళ్లి నేనూ చూశాను అని చెప్పేశాడు.

ఎలా ఉందని చెప్పావురా అని అడిగాను.

"గుండ్రంగా, తెల్లగా. ఇంకెలా ఉంటాయక్కా అవి?"

వాడు బావ కోసం ఇంత చేశానని గర్వంగా నిలబడి ఉన్నాడు. నా మెషిను పక్కనే దుకాణం ఇస్త్రీ పెట్టె ఉంది. దాని వంక చూశాను, వాడి వంక చూశాను. తిట్టడానికి నోరు తెరిచానుగానీ ఏమని తిట్టాలి. వాడి మీద నాకు ఎంత కోపమొచ్చిందో అంత జాలేసింది. చేతిలో ప్యాంటు ఎక్కడిదాకా కుట్టానో మర్చిపోయాను.

ఇంటికొచ్చి చెబితే ఆయన లేచి క్యారేజీ గిన్నెలు విడదీసి, కడిగి, మళ్లీ ఒకదానిమీద ఒకటి పేర్చారు. పనికి వెళ్లి రోజులైంది, గిన్నెలు ఖాళీగానే ఉన్నాయి.

ఆఫీసర్లు రెండోసారి వచ్చినప్పుడు తమ్ముణ్ణి కూడా మా ఇంటికే రమ్మన్నారు. ఈసారి టీ చల్లారిపోయింది. పెద్దాఫీసరు మర్యాద తప్పలేదు, కానీ చెప్పవలసింది చెప్పారు. ఒకరు పొడుగ్గా, బూడిదరంగు అంటున్నారు. ఇంకొకరు గుండ్రంగా, తెలుపు అంటున్నారు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. జనం నెత్తి మీదుగా బరువులు తిప్పే పనిలో అబద్ధం చెప్పే మనిషిని ఉంచలేం, అది పైనున్నాయనైనా సరే, కిందున్నాయనైనా సరే.

తమ్ముడు నా వైపు చూశాడు. వాడి పెళ్లాం నెలలు నిండి ఉంది. నిజం చెప్పేయమని నేను కళ్లతో సైగ చేస్తే వీడి పని పోతుంది. ఊరుకుంటే ఆయన గూడు పోతుంది. కట్టుకున్నవాడు ఒక కుర్చీలో, తోడబుట్టినవాడు ఇంకో కుర్చీలో. నేను మధ్యలో ట్రే పట్టుకుని నిలబడ్డాను. ఆ ట్రే ఎక్కడ పెట్టాలో కూడా నాకు తోచలేదు.

చిన్నాఫీసరుకి మా మీద జాలి కలిగినట్టుంది. ముందుకు వంగి మెల్లగా అడిగింది, ఒకవేళ అది బెలూన్ అయ్యుండొచ్చా, ఎండ పక్కనుంచి పడితే తెల్లనిది బూడిదరంగులో కనిపిస్తుంది, గాలికి నొక్కుకుపోతే పొడుగ్గా కనిపిస్తుంది, అలాగైతే ఇద్దరూ చూసింది ఒకటే అవుతుంది అని. ఆ పిల్ల మంచి మనసుతోనే అడిగింది. ఇప్పటికీ నేను ఆ పిల్లని ఏమీ అనలేను.

మా ఆయన తల దించి, తమ్ముడి కాళ్ల వైపు చూశారు. వాడి బూట్లకి సున్నం అంటుకుని ఉంది.

"బెలూనే అమ్మా. గుండ్రంగానే ఉంది. తెల్లగానే ఉంది."

తమ్ముడు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. మాట బయటికి రాలేదు. మా అత్తగారు మూలన పీట మీద కూర్చుని అన్నీ వింటున్నారు. ఆవిడ లేచి, మోకాళ్లు పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆఫీసర్లు మాత్రం తేలికపడ్డారు. పెద్దాఫీసరు మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, ఇంత సూటిగా చెప్పేవాళ్లు తక్కువ అన్నారు.

విచారణ ముగిసింది. బెలూన్ అని తేలింది. తమ్ముడు మర్నాడే పనిలోకి వెళ్లాడు. మా ఆయన క్యారేజీ సర్దించుకుని సిద్ధంగా కూర్చున్నారు. కబురు మాత్రం ఇంజనీరే తెచ్చాడు, మా గుమ్మంలో నిలబడే చెప్పాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. తెల్లటి గుండ్రటి బెలూన్‌ని చూసి పొడుగాటి బూడిదరంగు వస్తువని పొరబడి, బరువుని గాల్లో ఆపేసిన మనిషికి దూరాలు తెలియవని తీర్మానించారట. గూడెక్కే అనుమతి ఇక లేదు. మరి డాక్టరు గోడ మీదివన్నీ చదివించాడు కదా అని అడిగాను. అక్షరాలు చదవడం వేరు, దూరం పోల్చడం వేరు అన్నారట.

"నేనేం చేయనమ్మా. బెలూన్ అని ఆయనే అన్నాడు."

నాకు ఆ మనిషిని గుమ్మంలోనే కడిగిపారేయాలనిపించింది. కానీ వెనకనుంచి మా ఆయన, అవును సార్, నేనే అన్నాను అన్నారు. ఇక నేను దేన్ని పట్టుకుని పోట్లాడను.

ఇప్పుడాయన సైటులోనే పనిముట్ల గదిలో ఉంటున్నారు. వచ్చినవాళ్లకి సుత్తులూ తాళ్లూ తీసివ్వడం, సాయంత్రం తిరిగి తీసుకోవడం. ఆ గదికి కిటికీ లేదు. గూట్లోకి కొత్తవాడు వచ్చాడు, వాడికీ చిలక మా తమ్ముడే. మొదట్లో తమ్ముడు రోజూ మా ఇంటికొచ్చి ఏదో ఒకటి మాట్లాడబోయేవాడు. వాడికి కొడుకు పుట్టాక రాక తగ్గింది. వచ్చినా ఆయన కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, పిల్లాడి దగ్గు సంగతి చెప్పి వెళ్లిపోతాడు. ఆయన వాణ్ణి ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేదని వాడే నాతో అన్నాడు.

నా భయం వేరు. ఆయన మంచినీళ్ల గ్లాసు బల్ల అంచున పెడుతున్నారు. నేను ప్యాంటు పైకెత్తి చూసుకుంటుంటే గుమ్మంలో ఆగకుండా లోపలికి వెళ్లిపోతున్నారు. ఒకసారి కావాలనే ఒక కాలు బాగా పొట్టిగా కుట్టి, ఎదురుగా నిలబడి పట్టుకున్నాను. బాగానే ఉంది కదా అన్నారు. ఇంకోసారి ఇస్త్రీ చేస్తుంటే పక్కనొచ్చి కూర్చుని, నిజంగా బెలూనే అయ్యుంటుందిలే అన్నారు. నాకు ఆపుకోలేనంత కోపం వచ్చింది. ఇస్త్రీ పెట్టె తిరగేసి మొహం ముందు పెట్టి, ఇలా ఉందన్నారు కదండీ నాతో, రంగు కూడా ఇదే అన్నారు కదా అని అరిచాను. అన్నాను, అంత దూరంనుంచి ఏం తెలుస్తుంది అన్నారు. పెట్టె వేడిగా ఉంది, చెయ్యి కాల్తుంది జాగ్రత్త అని కూడా అన్నారు.

నిన్న ఇద్దరం మా అత్తగారి మందుల కోసం బయలుదేరాం. మందుల షాపు రోడ్డుకి అవతలుంది. ఆయన రోడ్డు అంచున ఆగిపోయారు. కాలు ముందుకి వేస్తారు, వెనక్కి తీసుకుంటారు. ఒకప్పుడు అద్దాల పెట్టెని గాల్లో భవనం దాటించి గోడ పక్కన వేలెడంత జాగాలో దించిన మనిషి. దూరంగా ఒక బస్సు వస్తోంది. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఆ బస్సు దూరంగానే ఉంది."

అని, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

నేను బస్సు వైపు చూడలేదు. ఆయన్నే చూస్తూ, "ఆ బస్సు దూరంగానే ఉంది" అన్నాను. అప్పుడు ఆయన కాలు కదిపారు.